తాళం వేసిన ఇంట్లో కుళ్లు వాసన: గచ్చు పగలగొట్టాల్సిందేనా?

ప్రశ్న (బెజవాడ అమ్మమ్మ)

ఏప్రిల్, మే నెలలు బెంగళూరులో అమ్మాయి దగ్గర ఉండి మొన్న ఆదివారం విజయవాడ వచ్చాం. తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. వంటింట్లో ఏదైనా మరచిపోయానేమోనని బియ్యం డబ్బాల వెనక కూడా వెతికాను. తీరా చూస్తే అమ్మాయి గది బాత్రూములోంచి. దాని పెళ్లయ్యాక ఆ బాత్రూము వాడేవాళ్లే లేరు. రాత్రి లైటు వేస్తే తూము జాలీ చుట్టూ నాలుగు బొద్దింకలు సభ తీర్చి ఉన్నాయి.

రెండు మూతల ఫినాయిల్ పోశాను, కలరా ఉండలు వేశాను. ఇప్పుడు ఆ వాసనకు ఈ వాసన తోడైంది, అంతే. వచ్చిన ప్లంబరు వంగి కూడా చూడకుండా గచ్చు పగలగొట్టాలని, 8,000 అవుతుందని చెప్పాడు. మేము వాడే బాత్రూముకు ఏ బాధా లేదు. వంటింటి సింకులో మాత్రం నీళ్లు నత్తనడకన దిగుతున్నాయి. రెండూ ఒకటే రోగమా?

జవాబు (పాత సైటు సూపర్‌వైజరు)

అమ్మా, గచ్చు జోలికి వెళ్లకండి. ముందు ఆ తూములో ఒక బకెట్టు నీళ్లు పోయండి.

జాలీ కింద గిన్నెలాంటిది ఉంటుంది, పనివాళ్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ సుమారు రెండు అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. మురుగు పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆ నీళ్లే తలుపు. రెండు నెలల ఎండలకు అవి ఆవిరైపోయాయి. మీరు వాడే బాత్రూములోనూ ఎండిపోయే ఉంటాయి, కానీ వచ్చిన రోజు స్నానాలతో అది నిండిపోయింది. మీ ఫినాయిల్ ఆ గిన్నె అడుగు తడపడానికే సరి.

ఇది వాసనతో పోయే సంగతి కాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ సోకింది. ఇలా ఎండిపోయిన బాత్రూము ట్రాపులు కూడా అందుకు దారి ఇచ్చాయని దర్యాప్తులో తేలింది.

ఊరు వెళ్లే ముందు తూములో నీళ్లు నింపి, పైన నాలుగు చెంచాల నూనె వేయండి. పొరలా తేలి ఆవిరి కానివ్వదు. పోసిన మర్నాడే వాసన తిరిగి వస్తే ట్రాపు పగిలిందేమో చూడాలి. జాలీ కింద బోర్లించిన చిన్న మూత ఉందో లేదో కూడా చూడండి. నీళ్లు తొందరగా పోవాలని కొందరు దాన్ని తీసి పారేస్తారు.

జవాబు (టిఫిన్ల ఇల్లాలు)

సింకు రోగం వేరండీ. అది నూనె, దోసెల పిండి కలిసి చేసే పని. నేను రోజూ ఇరవై మందికి టిఫిన్లు పంపుతాను కాబట్టి ఈ విద్య బాగా వంటబట్టింది.

సింకు కింద సీసాలాంటి ప్లాస్టిక్ భాగం ఉంటే చేత్తో తిప్పితే ఊడుతుంది. కింద బకెట్టు పెట్టడం మరచిపోకండి. మొదటిసారి నేను పెట్టలేదు, అలమారలోని ఉల్లిపాయలన్నీ తలంటుకున్నాయి! లోపల చింతపండు పిప్పి, టీ పొడి, ఏడాది క్రితం పోయిన చిన్న చెంచా దొరికాయి. కడిగి బిగించాక చాకలి సోడా వేసి వేడినీళ్లు పోయండి. సలసల కాగేవి వద్దు, ప్లాస్టిక్ పైపులు వంగుతాయి. వంట సోడా, నిమ్మరసం చిట్కాలో నురగ బాగానే వస్తుంది గానీ ఒకదాన్ని ఒకటి విరిచేస్తాయి, జిడ్డు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మూకుడును పాత కాగితంతో తుడిచాకే తోముతున్నాను. పిండిగిన్నె కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు.

జవాబు (మేడమీది గది)

తొందరలో యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోయకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. మా తమ్ముడు తలుపు మూసుకుని ఆ పని చేసి రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాడు.

బెజవాడ అమ్మమ్మ

బకెట్టు నీళ్లు పోసి మూడు రోజులైంది. వాసన లేదు. బొద్దింకల్లో ఒకటి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, చీపురుతో వెతుకుతున్నాను. ప్లంబరుకు రావద్దని ఫోను చేశాను. సింకు మా వారు విప్పారు. చెంచా దొరకలేదు గానీ అగ్గిపుల్లలు దొరికాయి. అవి ఎవరు వేశారో ఆయనే చెప్పాలి.

తూములో వేయడానికి పూరీలు వేయించిన నూనె పనికొస్తుందా?

పాత సైటు సూపర్‌వైజరు

వడగట్టి వేయండి. మిగిలింది మాత్రం సింకులో పోయకండమ్మా.