చర్చిలకి ఫెడరల్ డబ్బులిచ్చి ఊరి పనులు చేయించడం కరెక్టేనా?

అడిగినవారు (న్యూజెర్సీ):
మా కౌంటీలో షెల్టరు, ఫుడ్ ప్యాంట్రీ రెండూ చర్చి వాళ్ళే నడుపుతారు, డబ్బులో కొంత ఫెడరల్ గ్రాంటు. 1996 వెల్ఫేర్ చట్టంలో చారిటబుల్ చాయిస్ (మత సంస్థలు కూడా ప్రభుత్వ డబ్బుతో సేవలు చేయొచ్చనే నిబంధన) పెట్టారు, 2001లో బుష్ వైట్‌హౌస్‌లో దీనికో ఆఫీసే తెరిచాడు, ఒబామా వచ్చి పేరు మార్చాడే గానీ మూసెయ్యలేదు. మనం ఓటేసిన కౌన్సిల్ చెయ్యాల్సిన పని వీళ్ళ చేతిలో ఎందుకుండాలి?

జవాబు 1 (టెక్సస్):
వాళ్ళు మానేస్తే ఎవరు చేస్తారో చెప్పండి ముందు. మేం గుడి తరఫున నెలకోసారి వండి షెల్టరుకి పట్టుకెళ్తాం, మంచు పడే రాత్రి కూడా అక్కడ మనుషులుంటారు, సిటీ ఆఫీసు అయిదింటికే మూసేస్తారు. పైగా గ్రాంటు డబ్బుతో ప్రార్థనలు పెట్టకూడదు, మతం చూసి ఎవర్నీ వెనక్కి పంపకూడదు, రూల్ ఉంది కదా.

జవాబు 2 (పెన్సిల్వేనియా):
అన్నా, మీ సేవని కాదనట్లేదు, కానీ పేచీ రూల్ దగ్గర కాదు, కాంట్రాక్టు దగ్గర. మా ఫిలడెల్ఫియానే చూడండి, కాథలిక్ సోషల్ సర్వీసెస్ 50 ఏళ్ళకి పైగా సిటీ కోసం ఫాస్టర్ కేర్ పని (సొంతింట్లో ఉండలేని పిల్లల్ని వేరే కుటుంబాల్లో పెట్టడం) చేసింది, 2018లో స్వలింగ జంటలకి పిల్లల్ని పెంచే అర్హత సర్టిఫికేట్ ఇవ్వబోమని వాళ్ళు చెప్పారని తెలిసి సిటీ పిల్లల్ని పంపడం ఆపేసింది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 2021లో 9-0తో ఏజెన్సీయే గెలిచింది. ఎందుకో తెలుసా, కమిషనర్ తన ఇష్టం మీద మినహాయింపు ఇవ్వొచ్చని సిటీ రాసుకున్న కాంట్రాక్టులోనే ఉంది, మరి వీళ్ళకెందుకివ్వరు అంది కోర్టు. అంటే వివక్ష చూపొద్దని మా సిటీ పెట్టుకున్న నియమం ఆ ఒక్క లైను వల్ల ఈ ఏజెన్సీకి వర్తించకుండా పోయింది. నాకు బాధేసేది అక్కడే, నిజానికి ఏ స్వలింగ జంటా ఆ ఏజెన్సీ దగ్గరికి వెళ్ళనే లేదు.

జవాబు 3 (టెక్సస్):
అయితే తప్పు ఆ లైను రాసిన సిటీది, చర్చిది కాదుగా.

అడిగినవారు:
ఒప్పుకుంటా, కానీ ఇంకోటుంది, మత సంస్థలు తమ మతం వాళ్ళనే ఉద్యోగంలో పెట్టుకునే వీలు 1964 సివిల్ రైట్స్ చట్టంలోనే ఉంది, గ్రాంటు తీసుకున్నా చాలావరకు అది పోదు. నా ట్యాక్స్‌తో నడిచే షెల్టరులో మా అమ్మాయికి ఉద్యోగం రాకపోవచ్చన్నమాట, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. కౌంటీ కాంట్రాక్టు కాపీ కోసం అర్జీ పెట్టా, చేతికొచ్చాక మినహాయింపుల పేజీ ఇక్కడ పెడతా.