అనంతపురంలో పిల్లలకు సైకిల్ రిపేరు నేర్పడానికి సాయం కావాలి

అందరికీ నమస్కారం. మా కాలనీలో పదో తరగతితో చదువు ఆపేసి కూలికి పోతున్న పిల్లలున్నారు. సాయంత్రాలు వాళ్లకు సైకిల్ రిపేరు నేర్పించి, చేతిలో ఒక పని పెట్టాలని మా ఆశ. ఆడపిల్లలూ వస్తామంటున్నారు, అది నాకు చాలా సంతోషం.

పంక్చర్ వేయడం, చైన్ బిగించడం మేమే నేర్పగలం. చిక్కంతా వీల్ బెండు, అంటే వంకర పోయిన చక్రాన్ని సరిచేయడం దగ్గరే. రిమ్ము ఎడమకు వంగితే కుడివైపు స్పోకులు బిగించి, ఎడమవి వదులు చేయాలని తెలుసు. పక్కకు వంగింది సరయ్యేసరికి రిమ్ము గుండ్రం పోయి ఎత్తుపల్లాలు వస్తున్నాయి. పాతరకం సైకిళ్లు, వెనక చక్రానికి 40 స్పోకులు. మొదట ఏది సరిచేయాలి, పక్క వంపా, ఎత్తుపల్లాలా? నిప్పిల్ (స్పోకు చివర రిమ్ము దగ్గరుండే చిన్న నట్టు) ఒక్కసారికి ఎంత తిప్పాలి?

అనుభవమున్న మెకానిక్ అన్నలు ఎవరైనా ఆదివారం పూట వచ్చి చూపించగలరా? దారిఖర్చులు మేమిస్తాం. మూలన పడేసిన పాత సైకిళ్లున్నా చెప్పండి, పిల్లలు విప్పి బిగించి నేర్చుకుంటారు.