పైరసీ వల్ల తెలుగు టీవీకి జరుగుతున్న నష్టం ఎంత?

కృష్ణాతీరం:
పైరసీ అనగానే సినిమా నిర్మాతల నష్టం గురించే మాట్లాడుకుంటాం. టీవీ ఛానళ్లు కూడా తమ ఆదాయం పడిపోవడానికి ఇదే కారణమంటున్నాయి కాబట్టి, ఆ వాదనను పరిశీలించాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ‘అల వైకుంఠపురములో’ 2020 జనవరిలో థియేటర్లకు, ఫిబ్రవరిలో ఓటీటీకి వచ్చింది. ఓటీటీలోకి వచ్చిన సినిమాకు దొంగ ప్రతి ఎంత త్వరగా పుడుతుందో అందరికీ తెలుసు. అయినా ఆగస్టులో జెమినీ టీవీ ప్రసారం చేసినప్పుడు 29.4 టీఆర్పీ వచ్చింది. హెచ్‌బీఓ ఛానల్ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పైరసీకి ఎక్కువగా గురైనవాటిలో ఒకటి. ఆ పైరసీ ఎమ్మీ అవార్డు కంటే మేలని 2013లో హెచ్‌బీఓ మాతృసంస్థ టైమ్ వార్నర్ అధిపతి జెఫ్ బ్యూక్స్ స్వయంగా అన్నారు. కాబట్టి ఛానళ్లు చెబుతున్నంత నష్టం ఉందని నేను నమ్మను.

ప్రకటనల విభాగం:
మీరు చూపిన రెండు ఉదాహరణలూ మన సీరియళ్లకు వర్తించవు. ఆ ఆగస్టులో కరోనా వల్ల థియేటర్లు మూతపడి, కొత్త సినిమా లేక కుటుంబాలన్నీ ఇళ్లలోనే ఉన్నాయి. ఇక హెచ్‌బీఓ చందాలతో నడిచేది. దొంగచాటుగా చూసినవారిలో కొందరైనా తర్వాత చందా కట్టవచ్చు. మన వినోద ఛానళ్లు ప్రధానంగా ప్రకటనల మీద బతుకుతున్నాయి, ఆ ప్రకటనల ధరను నిర్ణయించేది బార్క్ అనే సంస్థ ఇచ్చే రేటింగు. బార్క్ ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో మీటర్లు పెట్టి, అక్కడ టీవీలో ఏ ఛానల్ నడుస్తోందో లెక్కిస్తుంది. టెలిగ్రామ్ గ్రూపులో ఎపిసోడ్ దించుకుని ఫోన్‌లో చూసే ప్రేక్షకురాలు ఆ సీరియల్‌ను ఎంతగా అభిమానించినా, ఆమె ఈ లెక్కలోకి రాదు. మధ్యలో ప్రకటనలు కూడా కత్తిరించేసి ఉంటాయి. అంటే తాను ఇష్టపడే సీరియల్‌ను ఆపేయడానికి ఆమె తెలియకుండానే తోడ్పడుతోంది. నాకు అత్యంత బాధ కలిగించేది ఇదే.

న్యూజెర్సీ తెలుగు:
ఇక్కడి పరిస్థితి వేరు. నెలవారీ చందా లేకుండా వందల భారతీయ ఛానళ్లు వస్తాయంటూ అమ్మిన ఐపీటీవీ (ఇంటర్నెట్ ద్వారా ఛానళ్లు చూపే) పెట్టెలు ఎన్నో ఇళ్లలోకి చేరాయి. అనుమతి లేకుండా ఛానళ్లను అందిస్తున్నదని ఆరోపిస్తూ 2018లో అక్కడి శాటిలైట్ టీవీ సంస్థ డిష్ నెట్‌వర్క్ అమెరికా కోర్టులో, అలాంటి పెట్టెలు అమ్మే జాదూ టీవీపై దావా వేసింది. డబ్బు లేక ఆ పెట్టె కొన్నవారు తక్కువే. అమ్మానాన్నలు చూసే ఛానళ్లన్నీ ఒకే చోట దొరకాలన్నదే వారి కోరిక. చట్టబద్ధంగానైతే ఒక ఛానల్ ఒక చోట, మరో ఛానల్ ఇంకో చోట కొనుక్కోవాలి.

కృష్ణాతీరం:
ఇదే నా వాదనకు బలం. ప్రేక్షకుడికి అందుబాటులో ఉంచని సరుకు దొంగదారిలో దొరుకుతుంది. ఒక సైటును మూసేస్తే అదే పోలికతో మరొకటి పుడుతుంది కాబట్టే, అలాంటి నకళ్లను కూడా వెంటవెంటనే నిలిపివేసేందుకు వీలు కల్పిస్తూ 2019లో ఢిల్లీ హైకోర్టు కొత్త తరహా ఉత్తర్వు ఇచ్చింది. పైగా 2017లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఏడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ప్రసారానికి ముందే బయటికి పొక్కినప్పుడు, ముంబైలో అరెస్టయిన నలుగురూ ఆ ఎపిసోడ్లను భద్రపరిచే సంస్థలోని ప్రస్తుత, మాజీ ఉద్యోగులే. ముందు పరిశ్రమ తన ఇంటిని సరిచూసుకోవాలి.

ప్రకటనల విభాగం:
సరిచూసుకోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ పని జరిగేదాకా నష్టాన్ని భరించేది ఛానల్ యజమాని కాదు. రోజువారీ సీరియల్‌లో లైట్‌మెన్, మేకప్ సహాయకులు, చిన్న పాత్రల నటులు చాలామంది పనిచేసిన రోజుకే డబ్బు తీసుకుంటారు. రేటింగు పడిపోయి సీరియల్ అర్ధంతరంగా ముగిస్తే, ఛానల్ ఆ సమయానికి మరో కార్యక్రమం వేసుకుంటుంది. వీరికి మాత్రం మరుసటి వారం నుంచి షూటింగ్ ఉండదు. వారి కూలి ఎక్కడి నుంచి రావాలో కూడా ఈ చర్చలో చెప్పండి.