‘నళినీదళసంస్థితమై’లో ‘సం’: అంటినట్టా, పట్టినట్టా?

కావలి: ‘నీరము తప్తలోహమున’ పద్యం రెండో పాదంలో, నీటిబొట్టు తామరాకు మీద ముత్యంలా నిలిచిందనే చోట, ఆ ‘సం’ దగ్గరే ఆగిపోయాను. ప్లాస్టిక్‌కి లేజర్ కొట్టాక రాగి పూత ‘అంటింది’ అనాలా, ‘పట్టింది’ అనాలా? ‘సంస్థితం’లో అంటు ఉందంటారా?

ఒంగోలు: లేదు సార్. ఉత్పలమాల అయిదో గణం భగణం, మొదట గురువు కావాలి. భర్తృహరిని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ‘సం’ అందుకే వేశాడు.

నెల్లూరు: గణం కోసమే అయితే మాటలకు కరువా? సమ్యక్ స్థితం, కుదురుగా నిలిచిందని. తిక్కన గారైతే అచ్చతెలుగు మాటే పెట్టి ఈ తగువు లేకుండా చేసేవాడు.

చీమకుర్తి: పూతకి ‘పట్టు’ మాటే సరి. ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌ని 65 డిగ్రీల క్రోమిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచితే బ్యూటాడైన్ రబ్బరు కరిగి గుంటలు పడతాయి. నికెల్ వాటిల్లోకి దిగి పట్టుకుంటుంది. లేజర్ చేసేదీ ఆ గరుకే.

ఒంగోలు: గరుకు ఒక్కటే చాలదన్నా. తామరాకు గరుకు కాదా? సన్నటి బుడిపెలు, వాటిమీద మైనం. అందుకే బొట్టు 150 డిగ్రీల పైన కోణంతో గుండ్రంగా నిలబడుతుంది. 248 నానోమీటర్ల ఎక్సైమర్ (అతినీలలోహిత లేజర్)ని గాలిలో కొడితే ప్లాస్టిక్ పైపొరలో ఆక్సిజన్ గుంపులు చేరి నీళ్లు పరుచుకుంటాయి. అది ‘అంటు’.

కావలి: కొట్టాక బొట్టు బాగానే పరుచుకుంది. పూత మాత్రం టేపుతో లేచొచ్చింది, అడుగున నల్లగా ఉంది.

చీమకుర్తి: అది మసి. శక్తి ఎక్కువైంది. రాగి ప్లాస్టిక్‌ని కాదు, మసిని పట్టుకుంది. పల్స్ శక్తి తగ్గించి ఎక్కువసార్లు తిప్పండి. తర్వాత అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగి, వేలు తగలకుండా పలాడియం ద్రావణంలోకి, రాగి మొలకెత్తడానికి అదే విత్తనం. ఆపైన కరెంటు లేని రాగి స్నానం. ప్లాస్టిక్‌లోనే రాగి-క్రోమియం ఆక్సైడ్ కలిపి ఉంటే 1064 నానోమీటర్ల లేజర్ గీసిన గీతే విత్తనం, పలాడియం అక్కర్లేదు.

నెల్లూరు: కళాయి వేసేటప్పుడు ఇత్తడి గిన్నెకి నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) చల్లేదీ మాపు పోవడానికే. మాపు ఉంటే కళాయి ‘పట్టలేదు’ అంటారు, ‘అంటలేదు’ అనరు. మరి ‘నవాసారం’ సరా, ‘నవసాగరం’ సరా?

ఒంగోలు: నవాసారమే. ‘గ’ ఎవరో సంస్కృతం చేయబోయి దూర్చి ఉంటారని నా అనుమానం.

నెల్లూరు: అయ్యా, ఆ ‘గ’ సంగతి అంత తేలిగ్గా ఒప్పుకోను.