స్లోన్ స్పెక్ట్రమ్‌తో నక్షత్ర జనన రేటు కడితే పదో వంతే వస్తోంది, ఎందుకు?

తూర్పుచుక్క:
రెడ్‌షిఫ్ట్ 0.03 ఉన్న ఒక సర్పిల గెలాక్సీ. స్లోన్ సర్వే (గెలాక్సీల కాంతిని కొలిచిన పెద్ద ఆకాశ సర్వే) స్పెక్ట్రమ్‌లో రేఖల మీద నేరుగా గాసియన్ (గంట ఆకారపు గీత) వేస్తే హైడ్రోజన్ రేఖలైన హెచ్-ఆల్ఫా ఫ్లక్స్ (మనకు చేరే కాంతి) 900, హెచ్-బీటా 140 వచ్చాయి (యూనిట్ 10⁻¹⁷ ఎర్గ్/సె/చ.సెం.మీ). దూరం 131 మెగాపార్సెక్‌లు. నక్షత్ర జనన రేటు కట్టే కెన్నికట్ 1998 సూత్రం ప్రకారం గెలాక్సీ వెలువరించే హెచ్-ఆల్ఫా కాంతిని (ఎర్గ్/సె) 7.9×10⁻⁴² తో గుణిస్తే ఏడాదికి 0.15 సూర్య ద్రవ్యరాశులు తేలుతోంది. గేలెక్స్, వైజ్ (అతినీలలోహిత, పరారుణ అంతరిక్ష టెలిస్కోపులు) కొలతలతో కట్టిన సలీం బృందం కేటలాగ్‌లో అదే గెలాక్సీకి లాగ్ విలువ 0.18, అంటే 1.5. ఆర్-బ్యాండ్‌లో (ఎరుపు ఫిల్టర్) ఫైబర్ మాగ్నిట్యూడ్ (స్పెక్ట్రమ్ తీసే ఫైబర్‌లో పడే భాగానిది; అంకె తగ్గితే ప్రకాశం ఎక్కువ) 17.1, పెట్రోసియన్ (మొత్తం గెలాక్సీది) 15.4. నైట్రోజన్, ఆక్సిజన్ రేఖల నిష్పత్తులు కౌఫ్‌మన్ గీత (నక్షత్ర జననాన్ని కృష్ణబిలం ప్రభావం నుంచి వేరుచేసేది) కిందే ఉన్నాయి కాబట్టి కేంద్రంలో కృష్ణబిలం ప్రభావం అనుకోవడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

ధూళిగీత:
గుణకారం సరిగానే ఉందండి. ధూళి దిద్దుబాటు చేయలేదు, అంతే. అయితే ఆ 900, 140 తోనే చేయకండి. హెచ్-బీటా రేఖ నక్షత్రాల శోషణ గుంటలో కూర్చుని ఉంటుంది. గుంట పూడ్చకుండా కొలిస్తే బీటా బాగా తగ్గుతుంది, ఆల్ఫా కొద్దిగానే తగ్గుతుంది. మీ నిష్పత్తి 6.4 దాకా పోవడానికి కారణం అదే. దాన్ని ధూళి అని నమ్మితే 6.7 రెట్లు పెంచాలి. జవాబు 1 దగ్గరికొచ్చి, సరిపోయిందన్న భ్రమ కలుగుతుంది.

ముందు మన పాలపుంత ధూళిని తీసేయండి, డీఆర్6 (స్లోన్ ఆరో డేటా విడుదల) నుంచి స్పెక్ట్రమ్‌లలో ఆ దిద్దుబాటు చేసి ఇవ్వడం లేదు. తర్వాత పీపీఎక్స్ఎఫ్ (స్పెక్ట్రమ్‌లను ఫిట్ చేసే ప్రోగ్రామ్) తో నక్షత్రాల కాంతిని ఫిట్ చేసి తీసేసి, మిగిలిన దానిలో రేఖలు కొలవండి. ధూళి లేకపోతే ఆల్ఫా/బీటా 2.86 ఉండాలి. కార్డెల్లి తరహా గీతకు (ధూళి ఏ రంగును ఎంత మింగుతుందో చెప్పేది) వర్ణాధిక్యం (ధూళి వల్ల కాంతి ఎంత ఎర్రబడిందో) = 2.31 × లాగ్(నిష్పత్తి/2.86). దాన్ని 2.53 తో గుణిస్తే ఆల్ఫా దగ్గర ఎన్ని మాగ్నిట్యూడ్‌లు పోయాయో తెలుస్తుంది.

మూడు_ఆర్క్‌సెకన్లు:
పెద్ద లోటు ఫైబర్‌దే. దాని వ్యాసం 3 ఆర్క్‌సెకన్లు, మీ గెలాక్సీ దగ్గర అది 1.8 కిలోపార్సెక్‌లే. మీరు చూస్తున్నది నడిబొడ్డు మాత్రమే, డిస్క్ అంతా బయటే ఉంది. ఇక్కడ ఒక మెలిక: డీఆర్6 తర్వాత ఫ్లక్స్‌ను ప్రామాణిక నక్షత్రాల పీఎస్ఎఫ్ మాగ్నిట్యూడ్‌కు (చుక్క ప్రతిబింబం మొత్తం కాంతికి) సరిచూశారు. అందువల్ల స్పెక్ట్రమ్ ఫైబర్ మాగ్నిట్యూడ్ కన్నా దాదాపు 0.3 ప్రకాశవంతంగా ఉంటుంది. 17.1 వాడితే దిద్దుబాటు ఎక్కువైపోతుంది. స్పెక్ట్రమ్‌ను ఆర్-ఫిల్టర్‌తో గుణించి దాని సొంత మాగ్నిట్యూడ్ తీసి, 15.4 తో పోల్చండి.

ఇంకొకటి, మీ గుణకం సాల్పీటర్ ఐఎంఎఫ్‌ది (పుట్టే నక్షత్రాల్లో ఏ ద్రవ్యరాశివి ఎన్నో చెప్పే ఊహ), కేటలాగ్ షాబ్రియేది. చివర్లో 1.6 తో భాగించండి.

తూర్పుచుక్క:
చేశాను. శోషణ తీసేశాక 940, 196, నిష్పత్తి 4.8. ధూళికి 3.4 రెట్లు, రేటు 0.52. స్పెక్ట్రమ్ సొంత మాగ్నిట్యూడ్ 16.8, కాబట్టి ఇంకో 3.6 రెట్లు. 1.6 తో భాగిస్తే 1.2. కానీ పీపీఎక్స్ఎఫ్‌లో నక్షత్రాల వేగం, వాయువు వేగం 83 కి.మీ/సె తేడాగా వస్తున్నాయి. నిజమేనా?

ధూళిగీత:
కాదండి. స్లోన్ తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవి, ఫిట్‌కు వాడే మైల్స్ టెంప్లేట్లు (నమూనా నక్షత్ర స్పెక్ట్రమ్‌లు) గాలిలోవి. హెచ్-ఆల్ఫా గాలిలో 6562.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, శూన్యంలో 6564.6. ఆ 1.8 తేడాయే 83 కి.మీ/సె. టెంప్లేట్లను శూన్యానికి మార్చండి, తేడా పోతుంది.

మూడు_ఆర్క్‌సెకన్లు:
1.2కీ 1.5కీ మధ్య తేడాకు కంగారు అక్కర్లేదు. ఆర్-కాంతి ఎక్కడుంటే నక్షత్ర జననం అక్కడే ఉందని 3.6 లో దాగిన ఊహ. నడిమి ఉబ్బెత్తులో ముసలి నక్షత్రాలు ఎక్కువ, కొత్తవి పుట్టేది డిస్క్‌లో. కాబట్టి అసలు విలువ ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. ఇలాంటివి వేల గెలాక్సీలకు చేసి రెడ్‌షిఫ్ట్ వారీగా పోల్చేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త: 0.1 దగ్గర అదే ఫైబర్ 5.5 కిలోపార్సెక్‌లు చూస్తుంది. దగ్గరి గెలాక్సీలు చల్లారిపోయినట్టు కనిపిస్తాయి, దాన్ని పరిణామం అనుకుంటే పేపరే తప్పవుతుంది. 0.04 కన్నా దగ్గరివి పక్కన పెట్టండి, లేదా వాటికి మాంగా సర్వే డేటా వాడండి. అందులో 12 నుంచి 32 ఆర్క్‌సెకన్ల ఫైబర్ కట్టలతో డిస్క్‌లో చాలా భాగం కొలిచారు.