సాతాను ఎత్తిన వాక్యంలో మోసం ఎక్కడుంది?

పొద్దుతిరుగుడు:
అందరికీ వందనాలు. మత్తయి 4లో సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, 91వ కీర్తన 11, 12 వచనాలు ఎత్తి, దూకమంటాడు. కీర్తనలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వదిలేశాడనీ, మోసమంతా ఆ కత్తిరింపులోనే ఉందనీ చాలా ప్రసంగాల్లో విన్నాను. నిజంగా అంతేనా? ఊరికే అడగడం లేదు. మా ప్రార్థన గుంపులో ఒక ఆంటీ అదే కీర్తన 10వ వచనాన్ని, ఏ తెగులూ నీ గుడారాన్ని సమీపించదన్నదాన్ని, డాక్టరు చీటీ వెనక రాసుకుని షుగర్ మాత్రలు మానేశారు. ఆవిడ ఒక్క అక్షరం కూడా వదల్లేదు మరి.

వాక్యదీపం:
కత్తిరింపే సిస్టర్. దేవుడు చూపిన దారిలో నడిచేవాడికి ఆ కాపుదల. శిఖరం మీంచి దూకడం ఆ దారి కాదు. 13వ వచనం జోలికి కూడా వెళ్లలేదు చూడండి. సింహాన్నీ పామునూ తొక్కుతావని ఉంటుందక్కడ, పాము అంటే సాతానే, అది తన మీదికే వస్తుంది కదా!

నిదానం:
బ్రదర్, అయితే లూకా 4ని ఏం చేద్దాం? నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61 చదువుతూ "హితవత్సరము" దగ్గర ఆపి గ్రంథం చుట్టేశాడు. ప్రతిదండన దినం మాట ఆ వచనంలోనే ఉంది, చదవలేదు. మధ్యలో ఆపడమే మోసమంటే మనం చిక్కుల్లో పడతాం.

పైగా యేసు సాతానుతో "ఫలానా మాట వదిలేశావు" అనలేదు. దేవుణ్ని శోధించకూడదన్న, అంటే పరీక్షించకూడదన్న ద్వితీయోపదేశకాండము 6:16 ఎత్తాడు. అందులో మస్సా ప్రస్తావన ఉంది. అది నిర్గమ 17 సంగతి. రెఫీదీములో నీళ్లు లేక జనం "యెహోవా మన మధ్య ఉన్నాడా, లేడా?" అని నిలదీశారు. శిఖరం మీద జరిగిందీ అదే. అంతకుముందే బాప్తిస్మం దగ్గర "ఈయనే నా ప్రియ కుమారుడు" అని పరలోకం నుంచి వినబడింది. ఇప్పుడు వీడొచ్చి "కుమారుడివైతే" అంటున్నాడు. తండ్రి చెప్పిన మాట చాలదు, రుజువు లాగు అని. వచనం మొత్తం ఎత్తినా ఆ మోసం మోసమే.

ప్రశ్నల పుట్ట:
మరి గిద్యోను? దేవుడు యుద్ధానికి వెళ్లమంటే గొర్రెబొచ్చుతో రెండుసార్లు రుజువు అడిగాడు, దేవుడు కోప్పడలేదు. ఇంకోటి, యెషయా 7లో శత్రువులు దండెత్తినప్పుడు సూచన అడగమని చెప్తే యూదా రాజు ఆహాజు "యెహోవాను శోధించను" అన్నాడు. దాదాపు యేసు ఎత్తిన మాటే. ప్రవక్త మాత్రం చీవాట్లు పెట్టాడు!

వాక్యదీపం:
గిద్యోనుది పాత నిబంధన కాలం, అది వేరు.

ప్రశ్నల పుట్ట:
ద్వితీయోపదేశకాండం కూడా పాత నిబంధనే కదా బ్రదర్.

నిదానం:
ఆహాజును పట్టుకొచ్చి మంచి పని చేశారు. 2 రాజులు 16 చూడండి. అదే యుద్ధభయంలో మందిరంలోని వెండి బంగారాలు అష్షూరు రాజుకు పంపి సాయం అడిగాడు. దేవుడి మీద ఆనుకోవడం ఇష్టం లేక భక్తి మాట అడ్డం పెట్టుకున్నాడు. గిద్యోను వెళ్లాల్సినవాడే, భయపడి అడిగాడు. గీత ఎక్కడ గీయాలో ప్రతిసారీ తేలిగ్గా తెలియదు, ఒప్పుకుంటాను.

పొద్దుతిరుగుడు:
ఇదంతా ఆంటీకి చెప్తే "నీకు విశ్వాసం లేదు" అంటారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

అల్పవిశ్వాసి:
వచనానికి వచనం పోటీ పెట్టకండమ్మా, గొడవే మిగులుతుంది. యెషయా 38 ఆవిడతో కలిసి చదవండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా యెషయా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. వాగ్దానం, మందు ఒకే మంచం దగ్గర ఉన్నాయి. తర్వాత మెల్లగా అడగండి: "షుగర్ పెరిగితే దేవుడు మాట తప్పాడంటారా?" దానియేలు 3లో విగ్రహానికి మొక్కకపోతే అగ్నిగుండంలో వేస్తామంటే ఆ ముగ్గురు "రక్షించకపోయినా మొక్కం" అన్నారు. ఆవిడ నోట ఆ "రక్షించకపోయినా" వస్తుందేమో చూడండి. ముందైతే ఇంట్లోవాళ్లకు చెప్పి టెస్టు చేయించండి, చర్చ ఎక్కడికీ పోదు.

వాక్యదీపం:
హిజ్కియా రిఫరెన్స్ బాగుంది, నేనూ వాడుకుంటాను. కత్తిరింపు విషయంలో మాత్రం నా మాట నాదే.

పొద్దుతిరుగుడు:
వాళ్లమ్మాయికి ఫోన్ చేశాను. మాత్రలు మానేసిన సంగతి తనకి తెలియనే తెలియదట. రేపు పొద్దున పరగడుపున తీసుకెళ్తోంది, నేనూ వెళ్తున్నా.