షిన్ స్ప్లింట్స్ రాకుండా ఉండాలంటే రోడ్డు మానేసి మట్టి దారి పట్టాల్సిందేనా?

మట్టిదారి:
హైదరాబాద్ ఆగస్టు మారథాన్‌కి తయారయ్యే కొత్తవాళ్ళకి జూలై వచ్చేసరికి కాలి ముందెముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది, దాన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. నా వాదన ఒక్కటే: నెక్లెస్ రోడ్ తారు, ఫ్లైఓవర్ కాంక్రీటు వదిలేసి కేబీఆర్ పార్కు లోపలి మట్టి దారికి రండి. గట్టి నేలే అసలు దోషి.

నిదానం:
నేల మీద అంత నేరం మోపకండి. కింద మెత్తగా ఉంటే కాలు తనంతట తానే బిగుసుకుంటుంది కాబట్టి మీరు అనుకున్నంత అదురు తగ్గదు. అసలు గొడవ ఎముక లోపల ఉంది. కొత్త బరువు పడగానే ఎముక ముందు పాత భాగాన్ని తవ్వుకుంటుంది, తర్వాత పూడ్చుకుంటుంది. తవ్వకానికి రెండు మూడు వారాలు, పూడికకి నెలలు. అచ్చం మన కాలనీ రోడ్ల లాగే. ఆ గుంతలు పూడకముందే వారానికి 12 కి.మీ. నుంచి 25కి దూకితే నొప్పి రాక ఏమవుతుంది?

మట్టిదారి:
అంటే మళ్ళీ వారానికి పది శాతం మించి పెంచొద్దనే ఆ పది శాతం సూత్రమేనా? 2008లో నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద దాన్ని పరీక్షించారు. 13 వారాలు మెల్లగా పెంచినవాళ్ళకీ, 8 వారాల మామూలు ప్రోగ్రాం చేసినవాళ్ళకీ గాయాలు ఇంచుమించు సమానమే, ఐదుగురిలో ఒకరికి.

నిదానం:
నిజమే, పదికి మహిమేమీ లేదు. నేను చెప్పేది వేరు. దూరం, వేగం, ఎత్తుపల్లాలు ఒకే వారంలో పెంచకండి. మూడు వారాలు పెంచితే నాలుగో వారం మూడో వంతు కోసేయండి. బంజారాహిల్స్ దిగుడులో అడుగులు సాగదీయకండి, అక్కడే మడమ ముందుకి పోయి గట్టిగా గుద్దుకుంటుంది. నిమిషానికి 160 అడుగులు పడుతుంటే 168 చేయండి, అంతకు మించి ఒక్కసారిగా వద్దు.

గచ్చిబౌలి_పిక్క:
అన్నా, గదంతా మంచిగనే ఉంది గానీ పాదం ఎంత కుంగుతదో ఆ సంగతి ఎవ్వరూ ఎత్తట్లే. తడి పాదంతో షాబాద్ బండ మీద నిలబడి అచ్చు చూసుకునుడు వట్టి అందాజా. చీలమండకు కొంచెం ముందు, కింద, పాదం లోపలి దిక్కు పొడుచుకొచ్చిన ఎముక మీద పెన్నుతో చుక్క పెట్టుండ్రి. కూసున్నప్పుడు నేల నుంచి దాని ఎత్తెంత, నిలబడ్డప్పుడు ఎంత, స్కేలుతో కొలవుండ్రి. తేడా 10 మి.మీ. దాటితే పాదం బాగా కుంగుతున్నట్టే. అట్లాంటోళ్లకు ఇన్‌సోల్ (షూ లోపల వేసుకునే అట్ట) పనికి రావొచ్చు. అందరికీ అంటగట్టేటోళ్లను మాత్రం నమ్మకుండ్రి.

నిదానం:
ఇన్‌సోల్ కన్నా ముందు పిక్క. పరుగుకి ముందు పిక్క సాగదీస్తే నొప్పి రాదనుకోవడం భ్రమ, బలం కావాలి. మెట్టు అంచున ఒంటికాలిపై నిలబడి, మోకాలు కాస్త వంచి లేవండి. పిక్క లోతున ఉండే సోలియస్ కండరానికి మోకాలు వంచినప్పుడు పని ఎక్కువగా పడుతుంది. లేవడానికి ఒక సెకను, దిగడానికి మూడు. 15 చొప్పున మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. చాలామంది బరువంతా చిటికెన వేలి వైపు వేసి ఎగిరెగిరి చేస్తారు. అలా చేస్తే దండగ. బరువు బొటనవేలి మొదట్లో ఉండాలి.

గచ్చిబౌలి_పిక్క:
ఇంకోటి. నొప్పి ఐదు సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువ మేర పరుచుకుంటే షిన్ స్ప్లింట్స్ అనుకోవచ్చు. ఒక్క వేలితో చూపెట్టేంత చోటనే పొడుస్తుంటే, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమంటే, రాత్రి పడుకున్నా తగ్గకుంటే ఎముక చిట్లిందేమో. పరుగు బంద్ చేసి డాక్టర్‌కు చూపెట్టుండ్రి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో దొరుకుతది.

మట్టిదారి:
మట్టి ఒక్కటే చాలదు, ఒప్పుకున్నా. కానీ రోడ్డు అంచు ఏటవాలు మాటేంటి? రోజూ ఒకే వైపు పరిగెత్తితే ఒక కాలు పల్లంలో పడుతుంది కదా.

నిదానం:
అది సరైన మాట. ట్రాఫిక్ లేని చోట నడిమధ్యకి రండి, ట్రాక్ మీదైతే దిశ మార్చండి. మీ మట్టిదారికి వచ్చేవాళ్ళు కూడా మొదటి రెండు వారాలు వారానికి ఒక్క పరుగే అక్కడ పెట్టుకోవాలి. వాన పడ్డ మర్నాడైతే అదీ వద్దు. జారే నేల మీద పాదాన్ని నిలబెట్టే కండరమే ఆ ఎముక అంచుని లాగొచ్చు.